హ్యూ థాంప్సన్

హ్యూ క్లవర్స్ థాంప్సన్ జూనియర్ (ఏప్రిల్ 15, 1943 - జనవరి 6, 2006) అమెరికా సంయుక్త రాష్ట్రాల సైన్యానికి చెందిన హెలికాప్టర్ పైలట్. వియత్నాం యుద్ధకాలంలో 1968 మార్చి 16న మై లై అనే పల్లెలో అమెరికన్ సైనికులు నిరాయుధులైన గ్రామస్థులను చంపుతుండగా, తన హెలికాప్టర్‌ను ఆ సైనికులకూ గ్రామస్థులకూ నడుమ దింపి కొందరి ప్రాణాలు కాపాడిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. ఆ ఊచకోతను పై అధికారులకు మొదటగా తెలియజేసి, ఆనాటి కాల్పులు నిలిచిపోవడానికి కారకుడైనవాడు కూడా ఇతడే.

థాంప్సన్ ఉద్యోగ జీవితం సుదీర్ఘమైనది, వైవిధ్యం గలది. నౌకాదళంలో నిర్మాణ యంత్రాలు నడిపే పనివాడిగా మొదలై, అంత్యక్రియల నిర్వాహకుడిగా, యుద్ధరంగంలో పరిశీలక హెలికాప్టర్ పైలట్‌గా, సైనిక శిక్షకుడిగా, చమురు సంస్థల పైలట్‌గా, మాజీ సైనికుల సలహాదారుగా పనిచేశాడు. మై లైలో అతడు గడిపినది ఒక్క ఉదయమే. అయితే ఆ ఉదయం చేసిన పనికి తన దేశంలో మొదట నిందలు, బెదిరింపులు ఎదురుకాగా, నిజమైన గుర్తింపు లభించడానికి 30 సంవత్సరాలు పట్టింది.

బాల్యం, కుటుంబం

హ్యూ థాంప్సన్ జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటాలో జన్మించాడు. ఆ నగరానికి సమీపంలో ఉన్న స్టోన్ మౌంటెన్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. తండ్రి హ్యూ థాంప్సన్ సీనియర్ విద్యుత్ పనులు చేసేవాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక సేవ చేసి, ఆ తరువాత నౌకాదళపు రిజర్వు విభాగంలో దీర్ఘకాలం కొనసాగాడు. తల్లి పేరు వెస్సీ. అన్నదమ్ములిద్దరిలో మరొకడైన టామీ కూడా వైమానిక దళంలో చేరి వియత్నాంలో పనిచేశాడు. ఈ విధంగా సైనిక సేవ ఆ కుటుంబంలో సహజమైన విషయం.

తండ్రి తరఫున ఈ కుటుంబానికి చెరోకీ అనే అమెరికన్ ఆదివాసీ జాతితో రక్త సంబంధం ఉంది. 1830లలో అమెరికా ప్రభుత్వం చెరోకీలను జార్జియా ప్రాంతం నుండి బలవంతంగా పశ్చిమానికి తరలించింది. ఆ ప్రయాణంలో వేలమంది మరణించారు.

తల్లిదండ్రులు ఎపిస్కోపల్ క్రైస్తవ శాఖకు చెందిన భక్తిపరులు, క్రమశిక్షణ విషయంలో కఠినులు. బలహీనులను బాధించరాదనీ, చేసిన తప్పును దాచరాదనీ వారు పిల్లలకు నేర్పారు. తండ్రి బాయ్ స్కౌట్ ఉద్యమంలో చురుకుగా పాల్గొనేవాడు. శ్వేతజాతీయులకు, నల్లజాతీయులకు వేర్వేరు పాఠశాలలు, వేర్వేరు బస్సు సీట్లు అమలులో ఉన్న ఆ కాలంలో, ఆ ప్రాంతంలో ఈ కుటుంబం మైనారిటీ జాతులవారికి సహాయపడుతూ ఉండేది.

నౌకాదళంలో సేవ

1961లో స్టోన్ మౌంటెన్ ఉన్నత పాఠశాలలో చదువు పూర్తికాగానే థాంప్సన్ అమెరికా నౌకాదళంలో చేరాడు. అక్కడ అతడు పనిచేసింది సీబీలు అని పిలువబడే నిర్మాణ దళంలో. విమానాశ్రయాలు, రహదారులు, వంతెనలు, స్థావరాలు నిర్మించడం ఈ దళం బాధ్యత. థాంప్సన్ భారీ నిర్మాణ యంత్రాలను నడిపేవాడు. 1964లో గౌరవప్రదంగా విడుదలై స్వస్థలానికి తిరిగి వచ్చాడు.

ఆ తరువాత మృతదేహాలను అంత్యక్రియలకు సిద్ధపరచే విద్యను అభ్యసించి, అందుకు అవసరమైన లైసెన్సు పొంది, అంత్యక్రియల నిర్వాహకుడిగా స్థిరపడ్డాడు. అప్పటికే వివాహమై ఒక ఇంటివాడయ్యాడు. అయితే వియత్నాం యుద్ధం తీవ్రమవుతున్న కొద్దీ, దేశం యుద్ధంలో ఉండగా తాను ఇంట్లో కూర్చోవడం తగదని భావించి, 1966లో తిరిగి సైనిక సేవలో చేరాడు. ఈసారి ఎంచుకున్నది పదాతి సైన్యంలోని హెలికాప్టర్ విభాగం.

పైలట్ శిక్షణ

వియత్నాం యుద్ధాన్ని హెలికాప్టర్ల యుద్ధంగా పేర్కొంటారు. అడవులు, కొండలు, వరిపొలాలతో నిండిన ఆ దేశంలో సైనికులను దింపడానికి, గాయపడినవారిని తరలించడానికి, శత్రువుల జాడ తీయడానికి అమెరికా సైన్యం ప్రధానంగా హెలికాప్టర్లపైనే ఆధారపడింది. అందుకు వేల సంఖ్యలో పైలట్లు కావలసి వచ్చారు. డిగ్రీ లేని యువకులకు కూడా పైలట్లయ్యే అవకాశం వారంట్ ఆఫీసర్ పథకం ద్వారా లభించింది. వారంట్ ఆఫీసర్ అనేది సాధారణ సైనికులకు పైన, కమిషన్ పొందిన అధికారులకు క్రింద ఉండే హోదా. ఒక సాంకేతిక నైపుణ్యంలో నిపుణులైనవారికి దీనిని ఇస్తారు.

థాంప్సన్ తొలి దశ శిక్షణను టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వోల్టర్స్‌లో, తదుపరి దశ శిక్షణను అలబామా రాష్ట్రంలోని ఫోర్ట్ రకర్‌లో పొందాడు. హెలికాప్టర్ నడపడం ఒకేసారి రెండు చేతులకూ రెండు కాళ్ళకూ పని కల్పించే విద్య. ఎడమచేతి మీట యంత్రాన్ని పైకి లేపుతుంది, దింపుతుంది. కుడిచేతి దండం అది వెళ్ళవలసిన దిశను నిర్ణయిస్తుంది. కాళ్ళ క్రింది పెడళ్ళు ముక్కు భాగాన్ని అటూ ఇటూ తిప్పుతాయి. ఈ నాలుగింటినీ సమన్వయపరచుకోగలిగితేనే యంత్రం గాలిలో ఒకేచోట నిలుస్తుంది. శిక్షణ ముగించుకున్న థాంప్సన్ 1967 డిసెంబరు చివరలో వియత్నాం చేరుకున్నాడు.

వియత్నాంలో

అమెరికల్ డివిజన్‌గా ప్రసిద్ధి చెందిన 23వ పదాతి డివిజన్‌లోని 123వ వైమానిక బెటాలియన్, బి కంపెనీలో థాంప్సన్‌ను నియమించారు. అతడు నడిపినది హిల్లర్ సంస్థ తయారుచేసిన ఓహెచ్-23 రావెన్ అనే చిన్న పరిశీలక హెలికాప్టర్. దీనిలో ముగ్గురు మాత్రమే కూర్చోగలరు. ముందు భాగమంతా బుడగ వంటి పారదర్శకమైన కవచంతో ఉండడం వలన పైలట్‌కు నేల చక్కగా కనిపించేది. అదే కారణం చేత క్రింద నుండి కాల్చేవారికి పైలట్ కూడా అంతే చక్కగా కనిపించేవాడు.

పరిశీలక పైలట్ పని చెట్ల కొమ్మలను తాకేటంత తక్కువ ఎత్తులో ఎగురుతూ, శత్రువులు దాగి ఉన్న చోట్లను కనిపెట్టడం. క్రింద నుండి కాల్పులు జరిగితే వాటిని బట్టి శత్రు స్థావరం తెలిసిపోయేది. అప్పుడు పైన తిరుగుతూ ఉండే పెద్ద సాయుధ హెలికాప్టర్లు వచ్చి దాడి చేసేవి. అంటే చిన్న హెలికాప్టర్ ఒక విధంగా ఎర వంటిది. నేలకు అంత సమీపంలో ఎగరడం వలన ఎవరి చేతిలో ఆయుధం ఉన్నదో, ఎవరి చేతిలో లేదో ఆ పైలట్‌కు స్పష్టంగా తెలిసేది. తరువాతి సంఘటనలను అర్థం చేసుకోవడానికి ఈ అంశం ముఖ్యమైనది.

థాంప్సన్‌తో పాటు ఇద్దరు యువకులు ఉండేవారు. గ్లెన్ ఆండ్రియోటా హెలికాప్టర్ సిబ్బంది ముఖ్యుడు, వయస్సు 20 సంవత్సరాలు. లారెన్స్ కోల్‌బర్న్ ద్వారం వద్ద తుపాకీతో కూర్చునే గన్నర్, వయస్సు 18 సంవత్సరాలు. థాంప్సన్‌కు అప్పటికి 25 ఏళ్ళు నిండలేదు.

మై లై ఘటన - నేపథ్యం

మై లై దక్షిణ వియత్నాంలోని క్వాంగ్ న్గాయ్ రాష్ట్రంలో సోన్ మై గ్రామానికి చెందిన ఒక పల్లె. 1968 జనవరి చివరలో వియత్నామీయుల టెట్ పండుగ సమయంలో కమ్యూనిస్టు దళాలు దక్షిణ వియత్నాం అంతటా పెద్దఎత్తున దాడులు చేశాయి. ఆ తరువాత ఈ ప్రాంతంలో వియత్‌కాంగ్ 48వ బెటాలియన్ తలదాచుకున్నదని అమెరికన్ సైన్యానికి సమాచారం అందింది. దానిని నిర్మూలించే బాధ్యతను లెఫ్టినెంట్ కల్నల్ ఫ్రాంక్ బార్కర్ నాయకత్వంలోని ఒక ప్రత్యేక దళానికి అప్పగించారు.

ఆ దళంలోని సి కంపెనీకి కెప్టెన్ ఎర్నెస్ట్ మెడీనా అధిపతి. అందులో ఒక ప్లటూనుకు లెఫ్టినెంట్ విలియం కాలీ నాయకుడు. అంతకుముందు వారాలలో ఈ కంపెనీ మందుపాతరల వలన, చాటుమాటు దాడుల వలన పలువురిని కోల్పోయి, శత్రువులు కంటికి కనబడక ప్రతీకార భావంతో రగిలిపోతూ ఉంది. ఉదయం ఏడు గంటలకల్లా గ్రామస్థులంతా సంతకు వెళ్ళిపోతారనీ, ఊరిలో మిగిలేవారు శత్రువులేననీ సైనికులకు చెప్పారు. ఈ సమాచారం పూర్తిగా తప్పు. సైనికులు దిగేసరికి ఊరిలో ఉన్నవారు వృద్ధులు, స్త్రీలు, పిల్లలు. చాలామంది ఉదయపు భోజనానికి సిద్ధమవుతున్నారు.

1968 మార్చి 16

ఫిరంగి కాల్పుల అనంతరం ఉదయం 7:30 గంటల ప్రాంతంలో సి కంపెనీ మై లైలో దిగింది. వారికి ఎదురు కాల్పులు ఎదురుకాలేదు. ఆ రోజు మొత్తం మీద దొరికిన ఆయుధాలు మూడు తుపాకులు. సి కంపెనీలో గాయపడినది ఒక్కడే. అతనికి తగిలినది తన తుపాకీ గుండే.

పైన ఎగురుతున్న థాంప్సన్ బృందానికి మొదట పరిస్థితి అర్థం కాలేదు. గాయపడి పడి ఉన్న గ్రామస్థులు కనిపించినపుడు, వైద్య సహాయం అందుతుందనే ఉద్దేశంతో ఆ చోట్ల ఆకుపచ్చ పొగ వెలువరించే గుళికలను జారవిడిచారు. ఇంధనం నింపుకొని తిరిగి వచ్చేసరికి, అలా గుర్తుపెట్టిన వారంతా చనిపోయి ఉన్నారు. పొలంలో గాయపడి ఉన్న ఒక యువతి కోసం రేడియోలో సహాయం కోరగా, ఒక కెప్టెన్ ఆమె వద్దకు నడచి వచ్చి, కాలితో కదిపి, వెనుకకు అడుగువేసి కాల్చడం ముగ్గురూ గాలిలో నుండి చూశారు. ఆ కెప్టెన్ మెడీనాయే. ఆమె చేతిలో గ్రెనేడ్ ఉన్నదని అనుమానించినట్లు అతడు తరువాతి విచారణలో చెప్పుకున్నాడు.

కొంతసేపటికి పల్లెకు తూర్పున ఉన్న ఒక పంటకాలువ నిండా శవాలు కనిపించాయి. వాటి మధ్య కొందరు ఇంకా కదులుతున్నారు. థాంప్సన్ హెలికాప్టర్‌ను దింపి, బ్రతికి ఉన్నవారికి సహాయం చేయగలరా అని అక్కడి సార్జెంటును అడిగాడు. వారి బాధను అంతం చేయడమే తాము చేయగల సహాయమని ఆ సార్జెంటు బదులిచ్చాడు. అంతలో వచ్చిన కాలీ, నేల మీది వ్యవహారం తనదనీ, జోక్యం చేసుకోవద్దనీ చెప్పాడు. కాలీ హోదాలో థాంప్సన్‌కంటే పైవాడు. థాంప్సన్ నిరసన తెలిపి హెలికాప్టర్‌ను పైకి లేపాడు. అది లేస్తూ ఉండగానే కాలువలోనికి కాల్పులు మొదలైనట్లు ఆండ్రియోటా చూసి చెప్పాడు. జరుగుతున్నది యుద్ధం కాదని, హత్యాకాండ అని ముగ్గురికీ అప్పుడు నిస్సందేహంగా తెలిసిపోయింది.

ఆ తరువాత పల్లెకు ఈశాన్యంగా ఒక చోట కొందరు గ్రామస్థులు మట్టి బంకరు వైపు పరుగెత్తడం, అమెరికన్ సైనికులు వారి వెంటపడడం థాంప్సన్ కంటపడింది. సైనికులు బంకరును చేరడానికి కొద్ది క్షణాలు మాత్రమే ఉన్నాయి. థాంప్సన్ హెలికాప్టర్‌ను ఇరువురి మధ్య దింపాడు. తాను గ్రామస్థులను బయటకు తీసుకువచ్చే సమయంలో సైనికులు తనపై గానీ, గ్రామస్థులపై గానీ కాల్పులు జరిపితే, ఆ సైనికులపై తిరిగి కాల్చమని కోల్‌బర్న్‌నూ ఆండ్రియోటానూ ఆదేశించాడు. తన సైన్యంపైనే తుపాకులు ఎక్కుపెట్టించడం సైనికుడికి మరణశిక్ష తెచ్చిపెట్టగల చర్య. ఆ సంగతి తెలిసే ఇద్దరూ అందుకు సిద్ధపడ్డారు.

బంకరులోని వారిని బయటకు తీసుకురావడానికి సహాయం చేయమని థాంప్సన్ అక్కడి లెఫ్టినెంటును కోరాడు. గ్రెనేడ్ వేయడం తప్ప మరో మార్గం లేదన్నట్లు అతడు మాట్లాడాడు. అంతకంటే మంచి మార్గం తనకు తెలుసునని చెప్పి, సైనికులను ఉన్నచోటనే ఉంచమని కోరి, థాంప్సన్ ఒంటరిగా బంకరు వద్దకు నడిచాడు. తుపాకీని ఒర నుండి తీయలేదు. భాష తెలియకపోయినా చేతి సైగలతో ఒక్కొక్కరినీ బయటకు రప్పించాడు. వచ్చినవారిలో స్త్రీలు, వృద్ధులు, పసిపిల్లలు ఉన్నారు. వారి సంఖ్య గురించి కథనాలలో తేడాలున్నాయి. కనీసం 10 మంది అని అమెరికా సైన్యం తరువాత నమోదు చేసింది.

తన చిన్న హెలికాప్టర్‌లో వారికి చోటు లేదు. అందువలన పైన తిరుగుతున్న సాయుధ హెలికాప్టర్ పైలట్, తన మిత్రుడు డాన్ మిలియన్స్‌ను రేడియోలో పిలిచాడు. బరువైన ఆయుధాలతో ఉండే అటువంటి హెలికాప్టర్‌ను యుద్ధరంగం మధ్యలో దింపడం నియమాలకు విరుద్ధమైనా మిలియన్స్ దింపాడు. రెండు విడతలుగా గ్రామస్థులను సురక్షిత ప్రాంతానికి చేర్చాడు. అంతసేపూ థాంప్సన్ గ్రామస్థులకు అడ్డుగా నిలబడ్డాడు. ఎవరూ కాల్పులు జరపలేదు.

తిరిగి వెళ్ళే ముందు మరొకసారి కాలువ మీదుగా ఎగిరినపుడు, శవాల మధ్య ఏదో కదలడం ఆండ్రియోటా గమనించాడు. హెలికాప్టర్ దిగగానే అతడు కాలువలోకి దిగి, శవాల నడుమ వెదకి, ఒళ్ళంతా రక్తంతో తడిసిన ఒక బాలుడిని బయటకు తీశాడు. ఆ పిల్లవాడికి పెద్ద గాయాలేవీ లేవు. వాడిని కోల్‌బర్న్ ఒడిలో పడుకోబెట్టుకొని క్వాంగ్ న్గాయ్ పట్టణంలోని ఆసుపత్రికి చేర్చారు. దాదాపు అదే ఈడు కుమారుడు థాంప్సన్‌కు స్వదేశంలో ఉన్నాడు.

ఫిర్యాదు

స్థావరానికి చేరుకున్న థాంప్సన్ తన పై అధికారి మేజర్ ఫ్రెడరిక్ వాట్కీకి తీవ్ర ఆవేశంతో విషయమంతా నివేదించాడు. ఇతర పైలట్లు కూడా అతడి మాటను బలపరచారు. ఈ సమాచారం బార్కర్‌కు చేరగా, అతడు రేడియో ద్వారా కాల్పులు ఆపమని ఆజ్ఞాపించాడు. అప్పటికే వందలాది ప్రాణాలు పోయాయి. అమెరికన్ సైన్యపు పరిశోధన మృతుల సంఖ్యను 347గా అంచనా వేసింది. వియత్నాం ప్రభుత్వం నెలకొల్పిన స్మారకంపై 504 పేర్లు ఉన్నాయి. సమీపంలోని మరికొన్ని పల్లెలపై తలపెట్టిన ఇటువంటి దాడులు థాంప్సన్ ఫిర్యాదు తరువాత ఆగిపోయాయి.

థాంప్సన్ సైనిక మతాచార్యుడైన కార్ల్ క్రెస్‌వెల్‌కు కూడా తాను చూసినది చెప్పాడు. బ్రిగేడ్ అధిపతి కల్నల్ ఓరాన్ హెండర్సన్ అతడిని పిలిపించి వివరాలు అడిగాడు. అయితే 1968 ఏప్రిల్ 24న హెండర్సన్ సమర్పించిన నివేదికలో, ఫిరంగి కాల్పుల వలన, ఇరుపక్షాల కాల్పుల మధ్య చిక్కుకొని 20 మంది పౌరులు ప్రమాదవశాత్తూ మరణించారని మాత్రమే ఉంది. ఈ విధంగా ఆ విషయం 1969 వరకు బయటి ప్రపంచానికి తెలియకుండా మరుగునపడింది.

తప్పుడు వివరణతో పతకం

మై లై ఘటనకు గాను థాంప్సన్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే పతకాన్ని ప్రకటించారు. దానితో ఇచ్చిన ప్రశంసాపత్రంలో ఇరుపక్షాల తీవ్రమైన కాల్పుల మధ్య చిక్కుకున్న ఒక బాలుడిని కాపాడినట్లు వ్రాశారు. ఆ రోజు అక్కడ కాల్చినది ఒకే పక్షం. తన నోరు మూయించడానికే దీనిని ఇచ్చారని భావించిన థాంప్సన్ ఆ పతకాన్ని పారవేశాడు. కోల్‌బర్న్‌కు, ఆండ్రియోటాకు కూడా కాంస్య నక్షత్ర పతకాలు ప్రకటించారు. వాటి వివరణలు కూడా ఇటువంటివే. ఆండ్రియోటా తన పతకాన్ని చూడలేదు. ఘటన జరిగిన మూడు వారాలకే, 1968 ఏప్రిల్ 8న అతడు యుద్ధంలో మరణించాడు.

థాంప్సన్ యథావిధిగా పరిశీలక విధులు కొనసాగించాడు. అతడి హెలికాప్టర్ పలుమార్లు శత్రువుల కాల్పులకు గురైంది. చివరిసారి మెషీన్‌గన్ కాల్పులకు హెలికాప్టర్ కూలిపోయి, థాంప్సన్ వెన్నెముక విరిగింది. చికిత్స నిమిత్తం అతడిని జపాన్‌లోని ఆసుపత్రికి తరలించారు. దీనితో అతడి యుద్ధరంగ జీవితం ముగిసింది.

విచారణలు

1969 మార్చిలో రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు, మై లై గురించి తోటి సైనికుల నుండి తాను సేకరించిన వివరాలను అమెరికన్ పార్లమెంటు సభ్యులకు, ప్రభుత్వ పెద్దలకు లేఖల ద్వారా తెలిపాడు. ఫలితంగా సైన్యం పరిశోధన ప్రారంభించింది. 1969 జూన్‌లో వాషింగ్టన్‌లో థాంప్సన్ కాలీని గుర్తుపట్టాడు. ఆ ఏడాది నవంబరులో పాత్రికేయుడు సేమూర్ హెర్ష్ కథనాలు, ఆ వెనువెంటనే ఆనాటి ఛాయాచిత్రాలు వెలువడడంతో యావత్ ప్రపంచం దిగ్భ్రాంతి చెందింది. లెఫ్టినెంట్ జనరల్ విలియం పీర్స్ ఆధ్వర్యంలో ఏర్పడిన విచారణ సంఘం ఎదుట థాంప్సన్ సాక్ష్యం చెప్పాడు. నేరాన్ని కప్పిపుచ్చడంలో డివిజన్ స్థాయి వరకు అధికారులకు పాత్ర ఉన్నదని ఆ సంఘం 1970 మార్చిలో నిర్ధారించింది.

పార్లమెంటు ప్రతినిధుల సభకు చెందిన సాయుధ దళాల సంఘం ఎదుట మాత్రం థాంప్సన్‌కు తీవ్రమైన అవమానం ఎదురైంది. సంఘం అధ్యక్షుడు మెండెల్ రివర్స్, మై లై విషయంలో శిక్షించవలసినవాడు ఎవరైనా ఉంటే అది స్వదేశ సైనికులపై తుపాకీ ఎక్కుపెట్టించిన థాంప్సనేనన్న అభిప్రాయం వెలిబుచ్చి, అతడిని సైనిక న్యాయస్థానానికి పంపడానికి ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు.

విచారణ ఎదుర్కొన్న వారిలో శిక్ష పడినది ఒక్క కాలీకే. కనీసం 22 మందిని హత్య చేసినట్లు రుజువై 1971లో అతడికి యావజ్జీవ కఠిన శిక్ష విధించారు. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఆదేశంతో అతడిని జైలు నుండి గృహ నిర్బంధానికి మార్చారు. శిక్షను దఫదఫాలుగా తగ్గించి 1974లో విడుదల చేశారు. మెడీనా, హెండర్సన్ నిర్దోషులుగా విడుదలయ్యారు. డివిజన్ అధిపతి శామ్యూల్ కోస్టర్‌ హోదాను తగ్గించారు.

ఈ కాలంలో అమెరికన్ ప్రజలలో అధిక సంఖ్యాకులు కాలీ పట్ల సానుభూతి చూపారు. సాక్ష్యం చెప్పిన థాంప్సన్ ద్రోహిగా ముద్రపడ్డాడు. చంపుతామంటూ ఫోన్లు, లేఖలు వచ్చేవి. చంపిన జంతువులను అతడి ఇంటి గుమ్మం ముందు పడవేసేవారు. సైనికాధికారుల క్లబ్బుకు వెళితే తోటివారు లేచి వెళ్ళిపోయేవారు. పీడకలలు, మద్యపానం, కుటుంబంలో కలతలు చాలాకాలం అతడిని వెంటాడాయి.

తరువాతి ఉద్యోగ జీవితం

ఇన్ని జరిగినా థాంప్సన్ సైన్యాన్ని వీడలేదు. గాయాల నుండి కోలుకున్న తరువాత తాను శిక్షణ పొందిన ఫోర్ట్ రకర్‌లోనే పైలట్లకు శిక్షకుడిగా నియమితుడయ్యాడు. వారంట్ ఆఫీసర్ హోదా నుండి నేరుగా కమిషన్ పొంది అధికారి అయ్యాడు. దక్షిణ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్, కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఆర్డ్, టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్, హవాయి దీవులు, దక్షిణ కొరియా మున్నగు చోట్ల పనిచేశాడు. 1983లో మేజర్ హోదాలో పదవీ విరమణ పొందాడు. ఈ స్థావరాలలో తనతో పనిచేసిన వారికి కూడా మై లై గురించి అతడు చెప్పుకునేవాడు కాదు.

సైన్యం నుండి వచ్చిన తరువాత కూడా ఎగరడం మానలేదు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సముద్రం మధ్య ఉండే చమురు బావుల వేదికలకు హెలికాప్టర్లు నడిపాడు. లూసియానా రాష్ట్రంలోని లాఫయెట్ పట్టణంలో స్థిరపడి, ఆ రాష్ట్ర మాజీ సైనికుల సంక్షేమ శాఖలో సలహాదారుగా చేరాడు. యుద్ధం నుండి తిరిగి వచ్చి మానసికంగా కృంగిపోయిన వారికి చికిత్స, పింఛను వంటి సదుపాయాలు ఇప్పించడం ఈ ఉద్యోగంలో భాగం. ఆ బాధలు స్వయంగా అనుభవించినవాడు కావడం ఈ పనికి తోడ్పడింది.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

1989లో బ్రిటన్‌లో ఒక టెలివిజన్ సంస్థ మై లైపై నిర్మించిన డాక్యుమెంటరీలో థాంప్సన్ కనిపించాడు. దానిని చూసిన క్లెమ్సన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ ఈగన్, తాను కూడా మాజీ సైనికుడు కావడంతో, థాంప్సన్ బృందాన్ని ప్రభుత్వం గౌరవించాలని కోరుతూ ప్రజాప్రతినిధులకు, సైన్యాధికారులకు ఏళ్ళ తరబడి లేఖలు వ్రాశాడు. చివరకు సైన్యం సోల్జర్స్ మెడల్ ఇవ్వడానికి అంగీకరించింది. శత్రువుతో పోరాటం కాని సందర్భంలో ప్రాణాలకు తెగించి చూపిన సాహసానికి అమెరికా సైన్యం ఇచ్చే ఉన్నత పతకం ఇది.

పతకాన్ని నిరాడంబరంగా, పెద్దగా ప్రచారం లేకుండా అందజేయాలని సైన్యం తలచింది. థాంప్సన్ అందుకు అంగీకరించలేదు. కోల్‌బర్న్‌కూ, దివంగతుడైన ఆండ్రియోటాకూ కూడా పతకం ఇవ్వాలని, వేడుక బహిరంగంగా వియత్నాం యుద్ధ స్మారకం వద్ద జరగాలని పట్టుబట్టాడు. 1998 మార్చి 6న వాషింగ్టన్‌లోని ఆ స్మారకం వద్దనే థాంప్సన్, కోల్‌బర్న్ పతకాలు స్వీకరించారు. ఆండ్రియోటాకు మరణానంతరం ప్రకటించారు. స్మారకంపై చెక్కిన అమరుల పేర్లలో ఆండ్రియోటా పేరు కూడా ఉంది.

తిరిగి సోన్ మైకి

పతకం అందుకున్న పది రోజులకు, ఘటన జరిగి సరిగ్గా 30 సంవత్సరాలైన సందర్భంగా, థాంప్సన్, కోల్‌బర్న్ సోన్ మై గ్రామాన్ని సందర్శించారు. అక్కడ తాము బంకరు నుండి కాపాడిన ఇద్దరు స్త్రీలను కలుసుకున్నారు. ఆనాడు కాల్పులు జరిపినవారు కూడా మీతో ఎందుకు రాలేదని వారిలో ఒకరు అడిగారు. నిందించడానికి అడుగుతున్నదని థాంప్సన్ అనుకున్నాడు. వారు వస్తే క్షమించగలిగి ఉండేవాళ్ళమని ఆమె చెప్పడంతో నిశ్చేష్టుడయ్యాడు. అంతటి క్షమాగుణం తనకు లేదని అతడు తరువాత పలు సందర్భాలలో చెప్పుకున్నాడు.

2001లో ఇద్దరూ మరొకసారి అక్కడికి వెళ్ళి, పిల్లల కోసం నిర్మించిన ప్రాథమిక పాఠశాల ప్రారంభోత్సవంలో పాల్గొన్నారు. కాలువ నుండి తీసిన బాలుడిగా గుర్తించబడిన యువకుడిని కూడా ఆ పర్యటనలో కలుసుకున్నారు.

సైనిక విద్యలో స్థానం

ఒకప్పుడు థాంప్సన్‌ను వెలివేసిన సైన్యమే చివరి సంవత్సరాలలో అతడిని ఉపన్యాసాలకు ఆహ్వానించింది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ, అన్నాపొలిస్ నౌకాదళ అకాడమీ మొదలైన సంస్థలలో భావి అధికారులకు తన అనుభవాన్ని వివరించాడు. అన్యాయమైన ఆజ్ఞను పాటించనవసరం లేదనడానికి అతడి చర్య సైనిక నీతి పాఠాలలో ఉదాహరణగా నిలిచింది. 1999లో పీస్ ఆబీ అనే శాంతి సంస్థ థాంప్సన్‌కూ కోల్‌బర్న్‌కూ పురస్కారం ప్రదానం చేసింది. అదే సంవత్సరం ట్రెంట్ ఆంగర్స్ రచించిన థాంప్సన్ జీవిత చరిత్ర ప్రచురితమైంది.

మరణం

క్యాన్సర్ వ్యాధితో బాధపడుతూ హ్యూ థాంప్సన్ 2006 జనవరి 6న లూసియానాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో 62వ ఏట మరణించాడు. చివరి రోజులలో కోల్‌బర్న్ అతడి ప్రక్కనే ఉన్నాడు. లాఫయెట్‌లో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తుపాకులు పేల్చి వందనం సమర్పించారు. సమాధి మీదుగా హెలికాప్టర్లు ఎగిరాయి. కోల్‌బర్న్ 2016లో మరణించాడు. మై లైలో తాను చేసిన దానికి 2009లో బహిరంగంగా పశ్చాత్తాపం వ్యక్తపరచిన కాలీ 2024లో మరణించాడు.

ప్రాముఖ్యత

థాంప్సన్ యుద్ధాన్ని వ్యతిరేకించి సైన్యాన్ని వీడినవాడు కాదు. స్వచ్ఛందంగా రెండుసార్లు సైనిక సేవలో చేరి, వెన్నెముక విరిగేవరకు యుద్ధంలో పోరాడి, ఆ తరువాత కూడా పదవీ విరమణ వరకు యూనిఫారంలోనే కొనసాగాడు. సైనికుడి కర్తవ్యంలో నిరాయుధులను రక్షించడం కూడా భాగమని నమ్మినందువలననే అతడు మై లైలో హెలికాప్టర్ దింపాడు. ఆనాడు సుమారు వందమంది సైనికులు పాల్గొన్న ఆ దాడిలో చంపడానికి నిరాకరించినవారు మరికొందరు కూడా ఉన్నారు. కానీ చంపుతున్నవారికి అడ్డుగా నిలిచినవారు థాంప్సన్, అతడి ఇద్దరు సహచరులు. ఆ ఉదయం కాపాడబడినవారి సంఖ్య మరణించినవారి సంఖ్యతో పోల్చితే చాలా చిన్నది. అయినప్పటికీ, సోన్ మైలోని స్మారక ప్రదర్శనశాలలో ఆ ముగ్గురు అమెరికన్ల పేర్లు కూడా గౌరవంగా స్మరించబడుతున్నాయి.